మాదిరిగా బతకడం: యవ్వనస్తులకు 12 వారాల పాఠం, ప్రసంగాలు లేకుండా ఎలా నడపాలి?

పటమట యూత్ లీడర్ (ఉదయం 6:40)

అందరికీ వందనాలు. మా సంఘంలో 18 నుంచి 25 ఏళ్ల లోపు పిల్లలు 22 మంది ఉన్నారు. ఈస్టర్ అయ్యాక వాళ్లతో 12 ఆదివారాలు, ఆరాధన తర్వాత 45 నిమిషాల చొప్పున, మాదిరి జీవితం అనే అంశం చేయాలని పెద్దలు నిర్ణయించారు. 1 తిమోతి 4:12లో ఉన్న మాట, ప్రవర్తన, ప్రేమ, విశ్వాసం, పవిత్రత ఒక్కోదానికి రెండు వారాలు, చివరి రెండు వారాలు పునశ్చరణ అని చిత్తు రాశాం. తీరా చూసుకుంటే పది ప్రసంగాల పట్టికలా తేలింది.

పిల్లలకు కావలసింది సోమవారం నుంచి శనివారం దాకా చేతిలో ఉండే పని. అది ఎలా మొదలుపెట్టాలి, ఎక్కడ చెడుతుంది, చేశారో లేదో ఎలా తెలుస్తుంది? వాక్యాలు వాళ్లకు కంఠస్థమే. పని చెప్పండి.

బ్రాడీపేట పెద్దయ్య (ఉదయం 7:25)

వందనాలు బాబూ. ఐదు మాటల వరస మంచిదే గానీ మొదలు అక్కడ పెట్టకండి. మొదటి వారం ఒక్కటే ప్రశ్న ఇవ్వండి: నిన్ను దగ్గర నుంచి చూస్తున్నది ఎవరు? పిల్లలు మామూలుగా స్నేహితులు, కాలేజీ, సంఘం అని రాస్తారు. సంఘం మనల్ని వారానికి రెండు గంటలు, ఉతికిన బట్టల్లో చూస్తుంది. మనం డబ్బు ఇవ్వాల్సినవాళ్లు, మన ఇంట్లో పనిచేసేవాళ్లు మిగతా ఆరు రోజులూ చూస్తారు. అంట్లు తోమే అమ్మ, ఇస్త్రీ బండి ఆయన, పాలాయన, అపార్టుమెంటు వాచ్‌మన్, కిరాణా కొట్టు ఖాతా పుస్తకం. మన విశ్వాసం ఏపాటిదో వీళ్లకు తెలిసినంతగా పాస్టరు గారికి కూడా తెలియదు.

కాబట్టి మొదటి పని బాకీల కాగితం. ఎవరికి, ఎంత, ఎప్పటి నుంచి, ఎందుకు ఆగింది, ఈ నాలుగు గడులు. స్నేహితుడి బండిలో కొట్టించని పెట్రోలు, తిరిగివ్వని రికార్డు పుస్తకం, హాస్టల్ మెస్‌లో వాటా, అన్నీ రావాలి. పది రూపాయలైనా రాయాలి. రెండో వారానికల్లా తీర్చగలిగినవి తీర్చేయాలి. తీర్చలేనివాటికి వాళ్ల దగ్గరికి వెళ్లి ఒక తేదీ చెప్పి రావాలి. ఫోన్ చేసి చెబితే కుదరదు, ఎదురుగా నిలబడాలి. కూలివాడి కూలి మర్నాటిదాకా నీ దగ్గర ఉంచుకోవద్దని లేవీయకాండం 19:13 చెబుతుంది. అది పెద్ద యజమానులకే అనుకుంటాం గానీ ఇస్త్రీ ఆయన నలభై రూపాయలకూ అదే లెక్క.

చెడేది మూడు చోట్ల. కాగితాలు లీడర్లు వసూలు చేస్తే పిల్లలు అసలు రాయరు. ఎన్ని ఉన్నాయి, ఎన్ని తీరాయి అనే రెండు అంకెలే చెప్పించండి. అమ్మానాన్నల అప్పులు ఇందులోకి రానివ్వకండి, అది వాళ్ల గుట్టు. మూడోది, డబ్బు ఇస్తూ వాక్యం ఎత్తడం. "ఆలస్యమైంది, తప్పు నాది" అని ఇచ్చి వచ్చేయాలి. లూకా 19లో జక్కయ్యను యేసు డబ్బు అడిగినట్టు ఎక్కడా లేదు. సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అని తనంతట తానే లేచి చెప్పాడు. అందులో ప్రసంగం లేదు, అంకెలే ఉన్నాయి.

మిర్చి యార్డు గుమాస్తా, గుంటూరు (ఉదయం 8:10)

పెద్దయ్య గారి కాగితానికి నాదో వారం కలపండి: తూకం. 22 మందిలో షాపుల్లో, గోడౌన్లలో, యార్డులో పనికెళ్లేవాళ్లు తప్పకుండా ఉంటారు. దొంగ త్రాసు యెహోవాకు హేయమని సామెతలు 11:1. అది ఈ రోజుల్లో ఎలా ఉంటుందో వాళ్లకు చూపించాలి.

ఎలక్ట్రానిక్ కాటా ఒకటి కూడికకు తెప్పించండి. ఖాళీగా ఉన్నప్పుడు సున్నా చూపిస్తోందా? 5 కిలోల బాట్లు మధ్యలో పెట్టి చూడండి, తర్వాత నాలుగు మూలలా పెట్టండి. మధ్యలో సరిగ్గా చూపించి మూలల్లో తేడా వస్తే కాటా బాగు చేయించాల్సిందే. సంచి బరువు తీసేయడం మరిచిపోవడం ఇంకొకటి. ఇలాంటి కాటాకు ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. ముద్ర తేదీ చూడడం పిల్లలందరికీ అలవాటు కావాలి.

మిర్చి దగ్గర మోసం తూకంలో కంటే సరుకులో ఎక్కువ. టిక్కీ, అంటే మిర్చి బస్తా, పైన ఎర్రటి కాయ పోసి అడుగున తాలు కాయలు, అంటే రంగు పోయిన నాసి కాయలు, కూరడం ఒకటి. తూకం కోసం నీళ్లు చల్లడం ఇంకొకటి, దానివల్ల బూజు పడుతుంది, ఆ బూజులోంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. అది కారంలో కలిసి ఎవరి పిల్లల కంచంలోకో పోతుంది. కాబట్టి దీన్ని వ్యాపారపు చాకచక్యంగా చూడడానికి వీల్లేదు.

అసలు కష్టం, పని చేయించే ఆయనే అలా చేయమంటే ఏం చేయాలన్నది. రైతు ఎదుట నిలబడి యజమానిని నిలదీస్తే ఉద్యోగం పోతుంది, రైతుకు ఒరిగేదీ ఉండదు. ముందు రోజే, ఒంటరిగా ఉన్నప్పుడు, "ఈ పని నాతో కాదండీ, లోడింగు చూసుకుంటాను, లెక్కలు రాస్తాను" అని అడగాలి. వేరే పని అడిగితే చాలాసార్లు ఇస్తారు, ఎందుకంటే నిజం చెప్పే మనిషి నగదు దగ్గర వాళ్లకూ అవసరం. ఇవ్వకపోతే వేరే చోట చూసుకోవాలి. అందుకే ఇలాంటి చోట పనిచేసే పిల్లలకు రెండు నెలల ఖర్చు పక్కన వేసుకోవడం కూడా పాఠంలో భాగమే. ఆ ఆసరా లేనివాణ్ని ధైర్యంగా ఉండమనడం తేలిక, వాడు నిలబడడం కష్టం.

కృష్ణలంక అక్క (ఉదయం 9:02)

బయటి పనులు చెప్పారు, ఇంటి మాట నేను చెబుతాను. పనమ్మాయికి వేరే గ్లాసు ఉన్న ఇంట్లో మాదిరి అనే మాటకు చోటు లేదు. మన విశ్వాసుల ఇళ్లలోనూ ఆ గ్లాసు ఉంది, గట్టు మీద ఒక మూలన బోర్లించి ఉంటుంది. మూడో వారం పిల్లలు ఇంటికి వెళ్లి చూడాల్సింది ఇదే. ఉంటే అమ్మతో గొడవ పెట్టుకోవద్దు. ఆ గ్లాసులో తాము కాఫీ తాగడం మొదలుపెట్టాలి. నాలుగు రోజులకు ఇంట్లో ఎవరూ దాని గురించి మాట్లాడాల్సిన పనే ఉండదు.

తర్వాత సెలవు సంగతి. నెలకు రెండు రోజులైనా జీతం కోయకుండా సెలవు ఇవ్వాలి, అదీ ఆమె అడిగిన రోజు. పండగ డబ్బు మన క్రిస్మస్‌కు ఇచ్చి మురిసిపోతాం. ఆమెది దసరా అయితే దసరాకు, రంజాన్ అయితే రంజాన్‌కు ఇవ్వాలి, కొత్త బట్ట కుట్టించుకునే వీలుండేలా పదిహేను రోజుల ముందే. ఆదివారం మనం ఆరాధనకు వెళ్తూ, వచ్చేసరికి ఇల్లు తుడిచి ఉండాలని ఆమెను ఆ పూటే రమ్మనడం కూడా ఆలోచించాలి. నిర్గమకాండం 20:10లో విశ్రాంతి ఇంటివాళ్లకే కాదు, దాసదాసీలకూ, ఇంట ఉన్న పరదేశికీ ఉంది.

అబ్బాయిలకు ప్రత్యేకంగా: ఎవరి కంచం వాళ్లు కడగాలి, 12 వారాలూ. చిన్నదిగా కనిపిస్తుంది. చెల్లెలు మాత్రం మొదటి రోజే గమనిస్తుంది.

కుటుంబ ప్రార్థన గురించి కూడా పెట్టండి. ఎక్కువ ఇళ్లలో అది ఆగిపోవడానికి కారణం భక్తి లేక కాదు, నిడివి ఎక్కువై. ఇంటి పెద్ద నలభై నిమిషాలు మాట్లాడితే పిల్లలు పదో రోజు నుంచి ట్యూషన్ ఉందంటారు. కీర్తన ఒకటి, పదిహేను వచనాలకు మించని భాగం, ముగ్గురి కోసం ప్రార్థన. ఆ ముగ్గురిలో ఒకరు పక్కింటివాళ్లు కావాలి. అంతా పదిహేను నిమిషాలు. చదివేది ఇంట్లో అందరికంటే చిన్నవాళ్లు.

పటమట యూత్ లీడర్ (ఉదయం 9:30)

గ్లాసు మాట చదివాక మా పట్టికను పూర్తిగా పక్కన పెట్టాం అక్కా. సంఘం తరఫున బయటివాళ్లకు కనిపించే పనుల గురించి కూడా చెప్పండి. మా మందిరం చుట్టూ ఇళ్లే. మైకు మీద ఫిర్యాదులు ఉన్నాయి.

సింగ్‌నగర్ సౌండ్ సర్వీస్ (ఉదయం 10:15)

మైకు గురించి ముందు నిబంధన. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయటకు వినపడే మైకు వాడకూడదు. మిగతా వేళల్లో కూడా రాతపూర్వక అనుమతి ఉండాలి. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్, రాత్రి 45 డెసిబెల్ ప్రమాణం. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద మండలం. ఇవి 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనలు. మనకూ వర్తిస్తాయి, అందరికీ వర్తిస్తాయి. "వాళ్లు పెట్టట్లేదా" అనే మాట యూత్ నోట్లోంచి ముందు పోవాలి.

ఇక పని. పైకప్పు మీద ఉన్న హారన్ దింపేయండి. అది పొలాల్లో, ఊరి జాతరలో దూరానికి వినిపించడానికి చేసినది. లోపల ఉన్న 150 మందికి గోడల వెంట నాలుగు కాలమ్ స్పీకర్లు చాలు, కూర్చున్నవాళ్ల తలకు కొంచెం పైన బిగించి కిందికి వంచాలి. ముందు రెండిటి మీదే భారం వేస్తే వెనక వాళ్లకు వినపడదు, శబ్దం పెంచుతారు, పక్క వీధి లేస్తుంది. నాలుగు పెడితే ఒక్కొక్కటి తక్కువలోనే సరిపోతుంది.

గోడ దాటి పొరుగింటిని బాధపెట్టేది గొంతు కంటే దరువు. బేస్ గిటారు, కీబోర్డు రిథమ్, డ్రమ్ కిక్ గోడలోంచి వెళ్లిపోతాయి, తలుపులు మూసినా ఆగవు. మాట మైకులకు మిక్సర్‌లో 100 హెర్ట్జ్ కింద కోసేసే మీట ఉంటుంది, అది నొక్కండి. సబ్‌వూఫర్ నేల మీద, గోడ మూలకు ఆనించి పెట్టకండి, మూలన దరువు ఇంకా పెరుగుతుంది.

పిల్లలకు పని: ఆరాధన జరుగుతున్నప్పుడు ఇద్దరు బయటకు వెళ్లి నాలుగు దిక్కులా పక్కింటి గుమ్మం దగ్గర నిలబడి ఫోన్ యాప్‌లో కొలవాలి. ఫోన్ కొలత కచ్చితం కాదు, వారం వారం తేడా తెలుసుకోవడానికి పనికొస్తుంది. అంతకంటే మంచి కొలత, ఆ ఇంటివాళ్లను అడగడం. పదో తరగతి పరీక్షల నెలలో అయితే ముందే వెళ్లి అడగాలి. డిసెంబరు 24 రాత్రి క్యారల్ రౌండ్లు, 31 రాత్రి ఆరాధన గురించి కూడా అంతే. పది దాటాక వీధుల్లో డ్రమ్ముతో తిరగడం యేసు పుట్టుకను ప్రకటించడం అవ్వదు, నిద్ర చెడగొట్టడం అవుతుంది. గొంతులతో, గిటారుతో సాయంత్రం ఆరుకు బయల్దేరండి.

బండ్లు ఆపడం కూడా ఇందులోకే వస్తుంది. పక్కింటి గేటుకు అడ్డంగా పెట్టిన స్కూటర్ మీద ప్రభువు వాక్యం స్టిక్కర్ ఉంటే ఆ ఇంటాయన చదివేది ఆ స్టిక్కరే. ఆదివారానికి ఇద్దరు పిల్లలు గేట్ల దగ్గర నిలబడాలి, మంచి ప్రసంగం ఉన్న రోజు కూడా.

సూర్యారావుపేట కోశాధికారి (ఉదయం 11:20)

సంఘం సాక్ష్యం నిలిచేదీ పోయేదీ ఎక్కువగా డబ్బు దగ్గర. యవ్వనస్తులకు లెక్క నేర్పించకుండా మాదిరి పాఠం చెప్పడం నాకు సరిగ్గా అనిపించదు.

కానుకలు లెక్కించే పద్ధతి వాళ్లతో చేయించండి. ఇద్దరు పెద్దలు, ఒకే కుటుంబంవాళ్లు కాకూడదు, వాళ్లతోపాటు వంతుల వారీగా ఇద్దరు యువకులు. ఆరాధన అయిన వెంటనే, సంచులు గది దాటకముందే లెక్క. కాగితం మీద 500, 200, 100, 50, 20, 10, చిల్లర వేర్వేరు వరసల్లో. దశమ భాగం కవర్లు, కృతజ్ఞత కానుకలు, మిషన్ కానుక వేరుగా. నలుగురి సంతకాలు. రెండు ప్రతులు, ఒకటి డబ్బుతో, ఒకటి పుస్తకంలో. సోమవారం మొత్తం బ్యాంకులో పడాలి. ఈ వారం ఖర్చులకు అందులోంచి తీసి మిగతాది వేయడం మొదలైందంటే ఆర్నెల్లకు లెక్క కలవదు. ఖర్చుకు విడిగా వోచరు, విడిగా చెక్కు.

గుమ్మం దగ్గర పెట్టిన క్యూఆర్ కోడ్ సంఘం పేరిట ఉన్న ఖాతాదే కావాలి. ఎవరి సొంత ఫోన్ నంబరుకైనా పోతుంటే, వాళ్లు ఎంత నిజాయితీపరులైనా మార్చేయండి. నెల లెక్క నోటీసు బోర్డు మీద పెట్టండి.

"పాస్టరు అయ్యగారి మీద నమ్మకం లేదా" అని ఎవరో ఒకరు అంటారు. పౌలు యెరూషలేము బీదల కోసం కానుక పోగుచేసినప్పుడు ఒంటరిగా మోసుకెళ్లలేదు. సంఘాలు ఏర్పరచినవాళ్లను వెంటబెట్టుకున్నాడు, ప్రభువు దృష్టిలోనే కాదు మనుషుల దృష్టిలో కూడా యోగ్యంగా ఉండాలని రాశాడు, 2 కొరింథీ 8:20, 21. లెక్క అయ్యగారికి కంచె లాంటిది.

ఒక్క జాగ్రత్త. బీదల నిధిలోంచి సాయం పొందినవాళ్ల పేర్లు బోర్డు మీదికి రాకూడదు. అంకెల గుర్తు ఇచ్చి, అసలు పేరున్న పుస్తకం ఇద్దరి దగ్గరే ఉంచండి.

మొగల్రాజపురం సువార్త టీమ్ (మధ్యాహ్నం 12:05)

అన్నలు, అక్క చెప్పినవన్నీ మంచివే. ఒక్క మాట అడుగుతాను, తప్పుగా అనుకోవద్దు. మంచి పనులు అందరూ చేస్తారు. మనం ఎందుకు చేస్తున్నామో చెప్పకపోతే అది సాక్ష్యం ఎలా అవుతుంది? అన్నం పొట్లంతో కరపత్రం ఇస్తే తప్పేమిటి? మత్తయి 5:16లో మీ సత్క్రియలు చూసి పరలోకమందున్న మీ తండ్రిని మహిమపరచాలని ఉంది కదా. చెప్పకపోతే తండ్రి పేరు ఎలా తెలుస్తుంది?

అరండల్‌పేట మాస్టారు (మధ్యాహ్నం 12:50)

మంచి ప్రశ్న తమ్ముడూ, దాటేయకూడనిది. మత్తయి 5:16 పక్కనే 6:1 నుంచి 4 కూడా చదవాలి. మనుషులకు కనబడాలని చేయొద్దని అక్కడ చెప్పినదీ ఆయనే. పనిని దాచలేం, దాచనక్కర్లేదు. చేసినవాడి పేరు, పొందినవాడి ముఖం దాచాలి. రెండు వాక్యాలూ అలా కలుస్తాయని నా అవగాహన.

ఇక కరపత్రం. ఆకలితో ఉన్నవాడు పొట్లంతోపాటు వచ్చిన దేన్నీ కాదనలేడు. కాదనలేని చోట ఇచ్చింది సువార్త కాదు, షరతు. అతను కడుపు నిండాక, ఇంకో రోజు, "మీరెవరండీ, ఎందుకొచ్చారు" అని అడిగితే చెప్పు. 1 పేతురు 3:15 చెప్పేదే అది: అడిగేవారికి, సాత్వికంతో, భయంతో. అడిగినప్పుడు నోరు మూసుకోవడం కూడా తప్పే. పిల్లలకు ఆ జవాబు నాలుగు వాక్యాల్లో చెప్పడం నేర్పు, అరగంటలో కాదు.

మన ప్రాంతపు చరిత్రే దీనికి పాఠం. లూథరన్ మిషనరీ హేయర్ 1842లో గుంటూరు వచ్చాడు. 1883లో డాక్టర్ అన్నా కుగ్లర్ వచ్చింది. ఆమెను వైద్య సేవకు పంపడానికి మిషన్ బోర్డు మొదట ఒప్పుకోలేదు. ఆడవాళ్ల మధ్య బోధన పని మీద వచ్చి, జబ్బు పడినవాళ్లను చూడడం మొదలుపెట్టింది. 1898 నాటికి ఆసుపత్రి లేచింది. ఇవాళ్టికీ గుంటూరులో ఆ పేరు మతం తేడా లేకుండా చెప్పుకుంటారు.

దానికంటే నేను పిల్లలకు చెప్పమనేది దోర్నకల్ సంగతి. 1912లో అజరయ్య గారు అక్కడ అధ్యక్షుడయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పు. ఆ అధ్యక్ష ఖండంలోనూ, అంటే ఆ బిషప్పు పరిధిలోనూ, చుట్టుపక్కల తెలుగు పల్లెల్లోనూ 1920లు, 30ల్లో శూద్ర కులాలవాళ్లు సంఘాల్లోకి రావడం మొదలైంది. ఎందుకొచ్చారని విచారిస్తే, తమ ఊళ్లోని మాల, మాదిగ విశ్వాసుల బతుకుల్లో మార్పు కళ్లారా చూశామన్నదే ముఖ్యమైన జవాబుల్లో ఒకటి. తాగుడు మానడం, తగాదాలు తగ్గడం, శుభ్రత, పిల్లల చదువు. చదువూ భూమీ లేనివాళ్లు ఊరికి మాదిరి అయ్యారు. ఇది తెలిశాక, ఆ విశ్వాసుల మనవళ్లనూ మునిమనవళ్లనూ కులం అడిగి పక్క వరసలో కూర్చోబెట్టే సంఘం, పెళ్లి సంబంధంలో కులం కలవలేదని వెనక్కి పంపే పెద్దలు, ఏ మాదిరి గురించి మాట్లాడతారు? ఇది 12 వారాల్లో ఒక వారం కావాలి, నొప్పి కలిగినా సరే.

మొగల్రాజపురం సువార్త టీమ్ (మధ్యాహ్నం 1:15)

షరతు అనే మాట సూటిగా తగిలింది మాస్టారూ. ఆ కోణంలో చూడలేదు. వరదలాంటి సమయంలో ఎలా మరి? అప్పుడు అడిగే తీరికా ఉండదు.

సింగ్‌నగర్ సౌండ్ సర్వీస్ (మధ్యాహ్నం 1:40)

వరద పని నేను చెబుతాను. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్, రాజరాజేశ్వరిపేట, పాయకాపురం మునిగినప్పుడు ఏం పనికొచ్చాయో, ఏం గుట్టలు పడ్డాయో ఈ వైపు అందరికీ తెలుసు. గుట్టలు పడ్డవి పాత బట్టలు. వాటిని ఏరడానికి పదిమంది, మళ్లీ పారేయడానికి ట్రాక్టరు కావాలి. మొదటి రెండు రోజులు కావలసింది తాగే నీళ్లు, వండక్కర్లేని తిండి, పసిపిల్లల పాలపొడి, శానిటరీ ప్యాడ్లు, కొవ్వొత్తులు, ఫోన్ చార్జింగు. పులిహోర కంటే బిస్కట్లు, అటుకులు నిలవుంటాయి. ఉదయం కట్టిన సాంబారన్నం పొట్లం పడవెక్కి మూడో అంతస్తుకు చేరేసరికి పాడవుతుంది.

నీళ్లు తీశాకే అసలు పరిచర్య. అప్పటికి వచ్చినవాళ్లు వెళ్లిపోతారు, బురద మిగులుతుంది. పారలు, రబ్బరు వైపర్లు, బకెట్లు, బ్లీచింగు, గమ్ బూట్లు. మెయిన్ స్విచ్ కట్టి ఉందో లేదో చూడకుండా ఇంట్లో అడుగు పెట్టకూడదు. నీటమునిగిన బండిని కిక్కు కొట్టొద్దు, ఇంజనులో నీళ్లుంటే లోపలి భాగాలు దెబ్బతింటాయి, ముందు ప్లగ్గు విప్పాలి. తడిసిన సర్టిఫికెట్లను ఎండలో పెడితే అట్టలా వంకర పోతాయి. నీడలో, తెల్ల కాగితాల మధ్య, ఫ్యాను గాలికి ఆరాలి. ఈ పనికి ఆరుగురు చొప్పున జట్లు చేయండి, ఒక్కో జట్టుకు పూటకు రెండు ఇళ్లకు మించి ఇవ్వకండి. ఇంటి వరసలో వెళ్లాలి, మనవాళ్ల ఇళ్లు ఏరుకుంటూ కాదు.

నర్సు సిస్టర్, గుంటూరు (మధ్యాహ్నం 3:30)

ఆలస్యంగా చూశాను. ఆసుపత్రికి సంబంధించి మూడు విషయాలు.

గుడ్ ఫ్రైడే నాడు రక్తదాన శిబిరం పెట్టే సంఘాలు ఉన్నాయి. ఉద్దేశం ఎంతో మంచిది. కానీ ఆ రోజు ఉపవాసం. ఖాళీ కడుపుతో ఇస్తే కళ్లు తిరిగి పడిపోతారు, భయపడి మళ్లీ రారు. అదీగాక ఒకే రోజు 60 యూనిట్లు వస్తే, ఎర్ర రక్తకణాలు 35 నుంచి 42 రోజులే నిలవుంటాయి, మే నెలలో కాలేజీలకు సెలవులిచ్చి దాతలు కరువైనప్పుడు అవి ఉండవు. మీ 22 మందిని మూడు గుంపులు చేసి వేర్వేరు నెలల్లో పంపండి. వయసు 18 దాటాలి, బరువు 45 కిలోలు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్లు 3 నెలలకు, ఆడవాళ్లు 4 నెలలకు ఒకసారి ఇవ్వొచ్చు. తిని వెళ్లాలి, ముందు అరలీటరు నీళ్లు తాగాలి, ఇచ్చాక పావుగంట కదలకూడదు. హిమోగ్లోబిన్ తక్కువని వెనక్కి పంపిన అమ్మాయిలను అందరి ముందు అడగొద్దు. అది డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాల్సిన విషయం.

రెండోది, సాక్ష్యాలు. స్వస్థత గురించి మైకులో చెప్పేటప్పుడు "మందులు మానేశాను" అనే మాట రానివ్వకండి. ముందే కూర్చోబెట్టి వినాలి. టీబీకి మామూలుగా ఆరు నెలల మందులు. రెండు నెలలకే దగ్గు తగ్గి, బరువు పెరిగి, స్వస్థత వచ్చిందనిపిస్తుంది. అప్పుడు మానేస్తే మిగిలిన క్రిములు మందుకు లొంగకుండా తయారవుతాయి, ఇంట్లో పిల్లలకు అంటేది అవే. మూర్ఛ మాత్రలు ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ ఆగకుండా వచ్చే ప్రమాదం ఉంది. స్వస్థతను నమ్ముదాం. మాత్ర ఆపే మాట డాక్టరు చెప్పాలి.

మూడోది ప్రార్థన మనవులు. "ఫలానా సిస్టర్ కోసం ప్రార్థించండి, రిపోర్టు ఇలా వచ్చింది" అని వాట్సాప్ గ్రూపులో పెడతారు. సాయంత్రానికి ఆమె ఆడపడుచుకు చేరుతుంది. పేరు పెట్టాలంటే ఆ మనిషినే అడగాలి. జబ్బు పేరు చెప్పాలంటే మళ్లీ విడిగా అడగాలి. హెచ్ఐవీ విషయంలో అయితే అనుమతి లేకుండా బయటపెట్టడాన్ని 2017 చట్టమే నిషేధించింది. అడగలేని స్థితిలో ఉంటే "మన సంఘంలో ఒకరు" చాలు. దేవునికి పేరు తెలుసు.

పటమట యూత్ లీడర్ (సాయంత్రం 5:05)

సిస్టర్, మా గుడ్ ఫ్రైడే శిబిరం వెంటనే మారుస్తున్నాం. ఇంకో రెండు ప్రశ్నలు. గొడవపడి మాట్లాడుకోనివాళ్లు మా 22 మందిలోనే ఉన్నారు. వాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి మాదిరి అంటే ఎలా? రెండోది, కట్నం. పిల్లలు ఒప్పుకుంటారు, ఇంట్లో ఒప్పుకోరు.

బ్రాడీపేట పెద్దయ్య (సాయంత్రం 6:00)

మొదటిదానికి మత్తయి 5:23, 24. కానుక బలిపీఠం ముందే వదిలి వెళ్లి సమాధానపడమన్నాడు. నీకు అతని మీద కోపం ఉంటే అని లేదు, అతనికి నీ మీద ఏదైనా ఉంటే అని ఉంది. తప్పు ఎవరిదో తేలేదాకా ఆగే పని లేదు. ప్రభు సంస్కారం ఇచ్చే ఆదివారానికి ముందు వారం అంతా దీనికే ఇవ్వండి. ఒంటరిగా వెళ్లాలి. "నువ్వు అలా అన్నందుకు నేనిలా అన్నాను" అని మొదలుపెడితే మళ్లీ గొడవే. తన వాటా ఒక్కటే చెప్పాలి: "ఆ రోజు నలుగురిలో నిన్ను ఆ మాట అన్నాను, తప్పు, క్షమించు." అక్కడితో ఆగాలి. అవతలివాళ్లు ఒప్పుకోకపోయినా లేచి రావాలి. వాళ్లిద్దరినీ అందరి ముందు చేతులు కలిపించడం మాత్రం వద్దు. ఫొటో బాగుంటుంది, బయటకెళ్లాక మాటలుండవు. ఒకవేళ నిజంగా హాని జరిగి ఉంటే, ముఖ్యంగా అమ్మాయిని ఎవరైనా వేధించి ఉంటే, ఈ పద్ధతి పనికిరాదు. ఆమెను ఒంటరిగా వెళ్లమనకండి, క్షమించమని తొందరపెట్టకండి. అది పెద్దలు, అవసరమైతే పోలీసులు చూడాలి.

కట్నం. 1961 చట్టం ప్రకారం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే. కనీసం 5 ఏళ్ల జైలు అని సెక్షన్ 3 చెబుతుంది. కట్నం వద్దని సంబంధాలు చూడకముందే చెప్పాలి, చూశాక చెబితే అవతలి పిల్లకు ఏదో లోపముందనుకుంటారు. అబ్బాయి తల్లిదండ్రులతో విడిగా కూర్చుని, చెల్లెలి పెళ్లి అప్పు ఎలా తీరుతుందో లెక్కతో సహా మాట్లాడాలి. చాలా ఇళ్లలో కట్నం అడిగేది దురాశతో కాదు, ఆ అప్పు తీర్చడానికే. ఆ దారి చూపించకుండా ఒట్టు వేయిస్తే ఒట్టు నిలవదు. పెళ్లి ఖర్చు తగ్గించుకునే కుటుంబానికి సంఘం హాలు, వంట పాత్రలు, వడ్డించే చేతులు ఉచితంగా ఇవ్వండి. పాస్టరు గారు కూడా కట్నం మాట్లాడుకున్న పెళ్లి ఎవరిదైనా, సంఘ పెద్ద కొడుకుదైనా, ఒకే మాట మీద ఉండాలి.

కృష్ణలంక అక్క (సాయంత్రం 6:35)

మధ్యలో మే నెల వస్తుంది కదా, ఆ వారాల్లో చలివేంద్రం పెట్టండి. ఎండాకాలంలో బెజవాడ వీధుల్లో తిరిగే బండివాళ్లకు దానికి మించిన మాట లేదు. అయితే మొదటి మూడు రోజులు ఉత్సాహంగా చేసి, నాలుగో రోజు ఖాళీ కుండలు, మన సంఘం పేరున్న ఫ్లెక్సీ మిగిల్చే పని మాత్రం చేయొద్దు. 40 రోజులు నడపగలమా అని ముందు లెక్క వేసుకోండి.

పటమట యూత్ లీడర్ (సాయంత్రం 6:50)

ఫ్లెక్సీ వద్దనే అనుకున్నాం అక్కా. కొలతలు చెప్పండి. రోజుకు రెండు వందల మంది వస్తారనుకుంటే?

కృష్ణలంక అక్క (రాత్రి 7:20)

ఒక్కొక్కరికి రెండు గ్లాసులు, గ్లాసు 200 మిల్లీలీటర్లు. అంటే 80 లీటర్ల నీళ్లు, నాలుగు పెద్ద క్యాన్లు. ఒకటి అదనంగా పెట్టుకోండి. కుండలు రెండు జతలు కొనండి. ఒక జత వాడుతుంటే ఇంకో జత లోపల బ్రష్‌తో రుద్ది ఎండలో బోర్లించాలి, లేకపోతే వారానికి నాచు పడుతుంది. కుండ కింద ఇసుక పోసి తడిపితే నీళ్లు ఇంకా చల్లబడతాయి. మూత ఉండాలి, పొడుగు కాడ గరిటె ఉండాలి, తాగేవాళ్ల చెయ్యి కుండలో పడకూడదు. పిల్లల్లో ఒకరు నిలబడి నీళ్లు పోయాలి. గ్లాసులు అందరికీ ఒకే రకం, వాటిని కడగడానికి వేరే నీళ్లు.

మజ్జిగ వారానికి రెండు రోజులు చాలు. లీటరు పెరుగుకు నాలుగు లీటర్ల నీళ్లు, సరిపడా ఉప్పు, కొత్తిమీర, దంచిన అల్లం. రెండు వందల గ్లాసులకు 40 లీటర్లు, అంటే 8 లీటర్ల పెరుగు. ముందు రోజు రాత్రి కలిపి పెట్టొద్దు, పులిసిపోతుంది. పెరుగు ఐస్ డబ్బాలో ఉంచి, ఇరవై లీటర్ల చొప్పున రెండు సార్లు అక్కడే కలపండి, పదకొండుకు ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి. మజ్జిగకు వాడే నీళ్లు కూడా తాగే క్యాన్‌వే, కొళాయివి కాదు. మధ్యాహ్నం రెండు దాటాక మిగిలితే పంచకండి, పారబోయండి. ఉదయం తొమ్మిదికల్లా కుండలు నిండాలి. ఆదివారం కూడా, ఆరాధన ఉన్నా సరే. ఆ పూట ఇద్దరు రెండో ఆరాధనకు వెళ్లేలా వంతు రాసుకోండి.